పెన్న మోసిన మట్టి ఎక్కడికి చేరింది?

సముద్రగర్భంలోని మేటలను శబ్దంతో చదివే విద్య

2021 నవంబరును నెల్లూరు జిల్లా ఇంకా మరిచిపోలేదు. ఆ నెల 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి, సోమశిల దాటి, నెల్లూరు మీదికి వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. వరద తీశాక ఏటి ఒడ్డు పొలాల్లో ఇసుక మేటలు మిగిలాయి.

పొలంలో వేసిన మేట కంటికి కనిపిస్తుంది. కానీ వరద మోసుకొచ్చిన మట్టిలో కొంతే పొలాల్లో ఆగుతుంది. మిగిలింది ఊటుకూరు దగ్గర సముద్రంలోకి పోతుంది. పెద్ద వరద వచ్చినప్పుడల్లా ఏటి మొగ ఎదుట సముద్రం బురద రంగుకు తిరుగుతుంది. కొద్ది రోజులకు మళ్లీ ఎప్పటి రంగులోకి వస్తుంది. మరి ఆ మట్టంతా ఏమైంది?

ఇది చిన్న ప్రశ్న కాదు. పెన్న కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి 597 కిలోమీటర్లు పారుతుంది. 55 వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద కురిసిన వాన దానిలోకి చేరుతుంది. చిత్రావతి, పాపాఘ్ని, కుందేరు, సగిలేరు, చెయ్యేరు అన్నీ రాయలసీమ మట్టిని తెచ్చి దానికి అప్పగిస్తాయి. లక్షల ఏళ్లుగా ఇదే పని. ఆ మట్టంతా మొగ దగ్గరే ఆగి ఉంటే నెల్లూరు తీరం ఎప్పుడో ఎంతో తూర్పుకు జరిగి ఉండాలి. అలా జరగలేదు. అంటే చాలా మట్టి మన కంటికి అందని చోటికి వెళ్లింది.

ఆ చోటు సముద్రపు లోతుల్లో ఉంది. అక్కడ 2, 3 కిలోమీటర్ల నీటి కింద, మరికొన్ని కిలోమీటర్ల మందాన మేట మీద మేట పేరుకుని ఉంది. వెలుతురు 200 మీటర్ల లోతు దాటితే దాదాపు అందదు. రేడియో తరంగాలు ఉప్పునీటిలో ఇంకిపోతాయి. అంత లోతుకు వెళ్లి, అడుగు మట్టిలోకి దూరి, తిరిగి వచ్చి కబురు చెప్పగలిగింది శబ్దం ఒక్కటే. ఆ కబురును చిత్రంగా మార్చే పద్ధతే సైస్మిక్ సర్వే.

అరుగు, వాలు, అగాధం

నెల్లూరు ఒడ్డు నుంచి తూర్పుకు వెళ్తే సముద్రం ఒక్కసారిగా లోతెక్కదు. కొన్ని పదుల కిలోమీటర్ల దూరం అడుగు నెమ్మదిగా దిగుతుంది. దీన్ని తీరపు అరుగు అనవచ్చు. దాని చివర నీటి లోతు నూరు, రెండు వందల మీటర్ల మధ్య ఉంటుంది. అక్కడి నుంచి ఖండతీరపు వాలు మొదలవుతుంది. వాలు దిగితే 3 వేల మీటర్ల లోతున అగాధ మైదానం వస్తుంది.

వాలు నున్నగా ఉండదు. దాన్ని కోసుకుంటూ లోయలు దిగుతాయి. మన తూర్పు తీరం వెంట ఇలాంటి సముద్రగర్భ లోయలను 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్తించారు. అప్పట్లో వాల్తేరులో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్, ఆయనతో కలిసి పనిచేసినవారు నౌకాదళ ఓడల మీద వెళ్లి అడుగు లోతులు కొలిచారు. వాళ్లు కనుగొన్న లోయల్లో ఒకదానికి ఆంధ్ర లోయ అని, ఒకదానికి కృష్ణా లోయ అని, మరొకదానికి విశ్వవిద్యాలయపు భూవిజ్ఞాన ఆచార్యుడు సి. మహదేవన్ పేరిట మహదేవన్ లోయ అని పేర్లు పెట్టారు. తీరం నుంచి అగాధానికి మట్టి దిగే దారులు ఇవి.

అయితే ఈనాటి పెన్న వరద ఆ దారుల దాకా వెళ్లడం అరుదు. మొగ దాటిన ఇసుకను అలలు తీరం వెంట జరుపుతాయి. బురదలో చాలా భాగం అరుగు మీదే దిగుతుంది. సోమశిల లాంటి జలాశయాలు, ఆనకట్టలు పైనే కొంత పూడికను పట్టి ఉంచుతున్నాయి.

20 వేల ఏళ్ల కిందట పరిస్థితి వేరు. అది మంచుయుగం. భూమి మీది నీరు చాలా భాగం ధ్రువాల దగ్గర మంచుగా గడ్డకట్టి ఉండటంతో సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. ఇవాళ బోట్లు వేటకు తిరిగే అరుగు చాలా మేరకు పొడి నేల. పెన్న ఆ నేల మీదుగా పారి, వాలు అంచు దగ్గర సముద్రంలో కలిసేది. తెచ్చిన మట్టిని నేరుగా వాలు మీద దింపేది. ఇలాంటి మంచుయుగాలు గత కొన్ని లక్షల ఏళ్లలో చాలాసార్లు వచ్చి వెళ్లాయి. లోతు నీటి ఇసుకల్లో పెద్ద భాగం ఆ కాలాల నాటిదే.

నీటి అడుగున వచ్చే వరద

వాలు అంచున పేరుకున్న తడి మట్టి ఎల్లకాలం అలాగే నిలవదు. భూకంపం వల్లనో, తుఫాను అలల వల్లనో, తన బరువు వల్లనో ఎప్పుడో ఒకసారి జారుతుంది. జారిన మట్టి నీటితో కలిసి చిక్కటి బురద అవుతుంది. మామూలు నీటికంటే బరువైనది కాబట్టి అడుగును అంటిపెట్టుకుని వాలు వెంట దిగుతుంది. దిగుతూ దారిలో మట్టిని లేపుకుని మరింత బరువెక్కుతుంది, మరింత వేగం అందుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని టర్బిడిటీ కరెంట్ అంటారు. మనం బురద ప్రవాహం అందాం.

దీని శక్తి మొదట తెలిసింది కేబుళ్లు తెగినప్పుడు. 1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరానికి దూరంగా గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చింది. ఆ తర్వాత అట్లాంటిక్ అడుగున ఉన్న టెలిగ్రాఫ్ కేబుళ్లు 12 తెగాయి. భూకంప కేంద్రం దగ్గరివి వెంటనే తెగాయి. దూరంగా, లోతుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి కొన్ని గంటలపాటు తెగుతూ వచ్చాయి. ఏ కేబుల్ ఏ నిమిషంలో తెగిందో టెలిగ్రాఫ్ కార్యాలయాల్లో నమోదై ఉంది. 1952లో బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ ఆ సమయాలను పటం మీద పెట్టి చూశారు. అడుగున ఒక బురద ప్రవాహం పరుగెత్తిందని, మొదట్లో దాని వేగం మన రోడ్ల మీద వెళ్లే కారుకు తీసిపోలేదని తేల్చారు.

2020 జనవరిలో ఆఫ్రికాలో కాంగో నది ఎదుటి లోయలో ఇలాంటిదే మరొకటి 1100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇంటర్నెట్ కేబుళ్లను తెంచింది. అంతకు కొద్ది వారాల ముందు కాంగోకు పెద్ద వరద వచ్చింది. నది మీద వచ్చిన వరదకూ, సముద్రం అడుగున నడిచే వరదకూ ఉన్న బంధం అక్కడ స్పష్టంగా కనిపించింది.

బురద ప్రవాహం నెమ్మదించే చోట మట్టి తనంతట తానే వేరుపడుతుంది. కళ్లంలో గాలికి ఎత్తి తూర్పారబట్టేటప్పుడు గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, తాలు కొంచెం అవతల, పొట్టు ఇంకా అవతల పడుతుంది. ఇక్కడా అంతే. ముతక ఇసుక ముందు దిగుతుంది. దాని మీద, దానికి అవతల సన్న ఇసుక. అన్నిటికంటే ఆఖరున బంకమట్టి. ఒక్కో ప్రవాహం ఇలా కింద ముతకగా, పైన సన్నగా ఉండే ఒక్కో పొర వదిలి వెళ్తుంది. డచ్ శాస్త్రజ్ఞుడు ఆర్నల్డ్ బౌమా 1962లో ఈ క్రమాన్ని పొర పొరగా వివరించారు. అగాధపు మేటలను చదివేవారికి నేటికీ అదే ఓనమాలు.

శబ్దం చిత్రంగా ఎలా మారుతుంది?

పెద్ద మరబోట్లలో చేపల గుంపును చూపించే ఫిష్ ఫైండర్ ఉంటుంది. అది కిందికి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని తెర మీద చూపిస్తుంది. సైస్మిక్ సర్వే మూలసూత్రం అదే. కాకపోతే ఫిష్ ఫైండర్ వాడే సన్నని, కీచు శబ్దం అడుగు బురదలోకి పెద్దగా దిగదు. లోపలికి దిగాలంటే బొంగురు శబ్దం కావాలి. సెకనుకు 10 నుంచి 80 సార్లు కంపించే శబ్దం అన్నమాట.

సర్వే ఓడ తన వెనక ఎయిర్ గన్‌లను లాక్కెళ్తుంది. అవి గట్టిగా అదిమిపెట్టిన గాలిని సుమారు 10 సెకన్లకు ఒకసారి నీళ్లలోకి వదులుతాయి. ఆ దెబ్బకు పుట్టిన శబ్దం నీటిలో దిగి, అడుగుకు తాకి, కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత మట్టిలోకి దూరుతుంది. మట్టిలో ఒక పొర ముగిసి మరో రకం పొర మొదలయ్యే ప్రతి చోటా ఇదే జరుగుతుంది. పొర బరువు గానీ, అందులో శబ్దం నడిచే వేగం గానీ మారితేనే ప్రతిధ్వని పుడుతుంది. తేడా ఎంత ఎక్కువైతే ప్రతిధ్వని అంత బలంగా ఉంటుంది. ఒకే రకం బంకమట్టి ఎంత మందంగా ఉన్నా దాని లోపలి నుంచి ప్రతిధ్వని రాదు.

ఓడ వెనక కిలోమీటర్ల పొడవున లాగే తీగల నిండా నీటిలో వినే మైకులు ఉంటాయి. వాటిని హైడ్రోఫోన్‌లు అంటారు. ఈ తీగలు 6, 8 కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పొడవు కూడా ఉంటాయి. ఓడ కదులుతూ ఉంటుంది కాబట్టి అడుగున ఒకే చోటును తాకిన ప్రతిధ్వని వేర్వేరు కోణాల నుంచి అనేకసార్లు నమోదవుతుంది. వాటన్నిటినీ ఒకదానిపై ఒకటి కలిపితే అసలు ప్రతిధ్వని బలపడుతుంది. అలల హోరు, ఓడ ఇంజను చప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1950లో అమెరికన్ ఇంజనీరు హ్యారీ మేన్ కనిపెట్టిన ఈ ఉపాయం ఈ విద్యనే మార్చేసింది.

ఇంకో చిక్కు ఉంది. ఏటవాలు పొర నుంచి వచ్చిన ప్రతిధ్వని పక్క నుంచి వచ్చినా, యంత్రం దాన్ని ఓడకు సూటిగా కింద ఉన్నట్టే రాసుకుంటుంది. కంప్యూటర్లు లెక్కగట్టి దాన్ని అసలు చోటికి జరపాలి. ఆ లెక్కకు ఏ పొరలో శబ్దం ఎంత వేగంతో నడిచిందో తెలియాలి. వేగం అంచనా తప్పితే చిత్రమే తప్పుతుంది. అందుకే ఓడ మీద కొన్ని వారాలు సేకరించిన సమాచారాన్ని ఒడ్డున నెలల తరబడి సరిదిద్దుతారు. కనుక సైస్మిక్ చిత్రాన్ని ఫోటో అనుకోకూడదు. అది ప్రతిధ్వనుల ఆధారంగా కట్టిన ఒక వాదన.

[బాక్స్] ఒక ప్రతిధ్వని లెక్క

సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు నడుస్తుంది. నీటి లోతు 1500 మీటర్లయితే శబ్దం అడుగుకు చేరడానికి 1 సెకను, తిరిగి రావడానికి మరో సెకను పడుతుంది. అంటే 2 సెకన్లకు మొదటి ప్రతిధ్వని.

అడుగున మెత్తని మట్టిలో శబ్దం నీటిలోకంటే కాస్త వేగంగా, బిగుసుకున్న మట్టిలో సెకనుకు 2000 మీటర్లు, అంతకంటే ఎక్కువ వేగంతో నడుస్తుంది. కింది పొర ప్రతిధ్వని మరో సెకను ఆలస్యంగా వచ్చిందనుకుందాం. వేగం 2000 మీటర్లయితే ఆ పొర అడుగుకు 1000 మీటర్ల కింద ఉన్నట్టు.

ఎంత పలచని పొర కనిపిస్తుంది? సెకనుకు 50 సార్లు కంపించే శబ్దం 2000 మీటర్ల వేగంతో నడిస్తే దాని ఒక్కో అల పొడవు 40 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 10 మీటర్లకంటే పలచని పొర పైభాగాన్నీ కింది భాగాన్నీ విడివిడిగా చూడలేం. ఒక బురద ప్రవాహం వదిలే పొర సాధారణంగా కొన్ని సెంటీమీటర్ల నుంచి కొన్ని మీటర్ల మందమే ఉంటుంది. అందువల్ల చిత్రంలో కనిపించే ఒక్క గీత వెనక పదుల కొద్దీ వరదలు దాగి ఉండవచ్చు.

గీతల్లో ఆకారాలు

సైస్మిక్ చిత్రం మొదటిసారి చూసినవారికి అది నల్లని, తెల్లని గీతల గజిబిజి. అలవాటైన కన్ను ఆ గీతల ఆకారం నుంచి, అవి ఎలా మొదలై ఎలా ముగిశాయన్న దాని నుంచి మట్టి ఎలా దిగిందో ఊహిస్తుంది. ముఖ్యంగా అయిదు గుర్తులు చూస్తారు.

మొదటిది, దూరం దాకా ఒకే మందంతో సాగే సమాంతర గీతలు. ఇది ప్రశాంతంగా, వానజల్లులా పైనుంచి రాలిన సన్నని బంకమట్టికి గుర్తు. వేల ఏళ్లకు కొన్ని మీటర్లు పేరుకునే నిదానపు పని ఇది.

రెండోది, పైపొరలను కోసేసి దిగిన లోతైన గాడి. ఇటూ అటూ ఉన్న గీతలు గాడి గోడ దగ్గర హఠాత్తుగా తెగిపోతాయి. ఇక్కడ ఒకప్పుడు లోయ ఉండేదని, తర్వాత అది పూడిపోయిందని అర్థం.

మూడోది, నడుమ కాలువ, రెండు పక్కలా దూరం వెళ్లేకొద్దీ పలచబడే గట్లు. నది పొంగినప్పుడు ఒడ్డు మీద మట్టి దించి గట్టు పెంచినట్టే, బురద ప్రవాహం కూడా కాలువ పొంగినప్పుడల్లా ఇరువైపులా సన్నమట్టిని దించుతుంది. కాలువ గర్భంలో ఇసుక, గట్ల మీద సన్న ఇసుక, బంకమట్టి పొరలు మారిమారి ఉంటాయి. నేల మీది గట్లు కొన్ని మీటర్ల ఎత్తే. సముద్రగర్భంలో అవి పదుల మీటర్లు, కొన్నిచోట్ల వంద మీటర్లకు మించి కూడా లేస్తాయి.

నాలుగోది, వాలు ముగిసిన చోట మధ్యలో ఉబ్బి అంచుల్లో సన్నబడే మేట. కాలువ విడిచిన ప్రవాహం పల్చగా విస్తరించి నిలిచిన చోటు ఇది. ఇసుక పరుచుకునేది ఎక్కువగా ఇక్కడే.

అయిదోది, వరుస లేకుండా ముక్కలు ముక్కలుగా ఉన్న గీతలు. ఇది కొండచరియలా ఒక్కుమ్మడిగా జారిపడిన మట్టి. కృష్ణా గోదావరి తీరం ఎదుటి వాలు మీద ఇలాంటివి విస్తారంగా కనిపిస్తాయి.

ఓడ ఒకే గీత వెంట వెళ్తే దొరికేది నిలువు కోత. తీగలను పక్కపక్కన పెట్టి, దగ్గర దగ్గర గీతల్లో ఒక ప్రాంతమంతా తిరిగితే మూడు కొలతల ఘనచిత్రం వస్తుంది. దాన్ని కంప్యూటర్లో ఒక పొర వెంట అడ్డంగా కోసి పైనుంచి చూస్తే లక్షల ఏళ్ల కిందట పూడిపోయిన కాలువ మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. 1980లలో అమెజాన్ ఎదుటి సముద్రం అడుగున సోనార్‌తో ఇలాంటి మెలికల కాలువలు చూసినప్పుడు శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయారు. నేల మీది నదికీ నీటి కింది కాలువకూ ఇంత పోలిక ఉంటుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు.

మన సముద్రం కింద ఏముంది?

నెల్లూరు తీరం రెండు పెద్ద అవక్షేప బేసిన్‌ల నడుమ ఉంది. ఉత్తరాన కృష్ణా గోదావరి బేసిన్, దక్షిణాన పెన్నా పాలారు మేటల అవతల కావేరి బేసిన్. ఈ తీరం వెంట సైస్మిక్ చిత్రాల్లో అన్నిటికంటే అడుగున ఒక పక్కకు ఒరిగిన పెద్ద పెద్ద రాతి దిమ్మెలు కనిపిస్తాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఈ తీరం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు భూమి పగిలిన ఆనవాళ్లు అవి. ఆ పగుళ్ల గుంటల్లో మొదటి మేటలు, వాటి మీద సముద్రపు బంకమట్టి, ఆపైన నదుల ఇసుకలు.

వాలు దిగి అగాధంలోకి వెళ్తే మరో వింత. అక్కడి మట్టిలో చాలా భాగం దక్కన్‌ది కాదు, హిమాలయాలది. గంగా బ్రహ్మపుత్రలు మోసిన మట్టి బంగ్లాదేశ్ ఎదుటి లోయ గుండా దిగి ఏర్పడిన బెంగాల్ ఫ్యాన్ ప్రపంచంలోనే అతి పెద్ద సముద్రగర్భ మేట. పొడవు సుమారు 3 వేల కిలోమీటర్లు. భూమధ్యరేఖ దాటి దక్షిణానికి సాగింది. ఉత్తర భాగంలో మందం 16 కిలోమీటర్లకు పైనే. అమెరికన్ శాస్త్రజ్ఞులు జోసెఫ్ కరీ, డేవిడ్ మూర్ దీని స్వరూపాన్ని సైస్మిక్ గీతల ఆధారంగానే 1971లో లోకానికి చూపారు. నెల్లూరు ఎదుట వాలు ముగిసే చోటికి ఆ మేట పడమటి అంచు చేరుకుంటుంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వచ్చిన హిమాలయపు ఒండ్రుకు మన నదుల ఒండ్రు అక్కడ ఎదురవుతుంది.

ఇంకా తూర్పుకు, తీరం నుంచి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, ఒక పర్వతశ్రేణి ఉత్తర దక్షిణాలుగా పూర్తిగా పూడిపోయి ఉంది. 85 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట ఉంది కాబట్టి దాని పేరే 85 డిగ్రీల తూర్పు శ్రేణి. పైన సముద్రపు అడుగు చదునుగా ఉంటుంది. ఓడ మీద నుంచి లోతు కొలిస్తే దాని జాడే తెలియదు. కింది నుంచి తిరిగొచ్చిన శబ్దమే ఆ కొండలను పట్టి ఇచ్చింది.

వెలుగును నమ్మాలా? ఆకారాన్ని నమ్మాలా?

ఆకారం చదవడం ఎంత ముఖ్యమో మన తీరంలోనే తేలింది. సముద్రగర్భంలో మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న మీథేన్ వాయువును గ్యాస్ హైడ్రేట్ అంటారు. దాన్ని వెతికే భారత ప్రభుత్వపు జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం 2006లో జోయిడెస్ రెజల్యూషన్ అనే తవ్వకపు ఓడతో 21 చోట్ల 39 రంధ్రాలు వేసింది. తవ్వే చోట్లను ఎంచుకోవడానికి ముఖ్య ఆధారం సైస్మిక్ చిత్రంలో అడుగుకు సమాంతరంగా మెరిసే ఒక బలమైన గీత. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఒకచోట హైడ్రేట్ ఉన్న పొర 130 మీటర్ల దాకా మందంగా దొరికింది. కానీ అది బంకమట్టి పగుళ్లలో గడ్డకట్టి ఉంది. బంకమట్టి నుంచి గ్యాస్ తీయడం చాలా కష్టం.

2015లో రెండో యాత్ర. ఈసారి జపాన్ ఓడ చిక్యు. 25 చోట్ల 42 రంధ్రాలు. శాస్త్రజ్ఞులు ఈసారి మెరిసే గీతతో సరిపెట్టుకోలేదు. ఘనచిత్రాల్లో పాత కాలువలు, గట్లు, పరుచుకున్న మేటలు వెతికారు. ఇసుక ఎక్కడ దిగి ఉండాలో ముందుగా ఊహించి, అక్కడ తవ్వారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇసుక పొరల నిండా హైడ్రేట్ దొరికింది. హిందూ మహాసముద్రంలో ఉత్పత్తికి వీలున్న ఇలాంటి నిల్వ దొరకడం అదే మొదటిసారని అమెరికా భూవిజ్ఞాన సర్వే 2016లో ప్రకటించింది. గెలిచింది పాత వరదల నడకను అర్థం చేసుకున్న జ్ఞానం.

[బాక్స్] మండే మంచు

గ్యాస్ హైడ్రేట్ అంటే మంచులాంటి గడ్డ. నీటి అణువులు అల్లిన గూళ్లలో మీథేన్ వాయువు చిక్కుకుని ఉంటుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే పైన సుమారు 164 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది.

ఇది ఏర్పడాలంటే చలి, పీడనం రెండూ కావాలి. లోతు సముద్రంలో రెండూ ఉంటాయి. అయితే అడుగు కిందికి వెళ్లేకొద్దీ భూమి వేడి పెరుగుతుంది కాబట్టి కొంత లోతు దాటాక హైడ్రేట్ నిలవదు. ఆ హద్దు కింద వాయువు విడిగా ఉంటుంది. వాయువున్న మట్టిలో శబ్దం బాగా నెమ్మదిస్తుంది. అందుకే ఆ హద్దు దగ్గర బలమైన ప్రతిధ్వని పుట్టి, పొరలను అడ్డంగా దాటుతూ సముద్రపు అడుగుకు సమాంతరంగా సాగే గీతగా కనిపిస్తుంది.

ప్రపంచంలో ఎక్కడా హైడ్రేట్ నుంచి వాణిజ్య ఉత్పత్తి ఇంకా మొదలు కాలేదు. జపాన్, చైనా ప్రయోగాత్మకంగా కొంత తీశాయి.

కంటికి ఆనని పొర

ఈ విద్యకు హద్దులున్నాయని కూడా మన సముద్రమే చెప్పింది. కాకినాడ ఎదుట కృష్ణా గోదావరి డి6 బ్లాకులో 2002లో రిలయన్స్ సంస్థ పెద్ద గ్యాస్ నిల్వలు కనుగొంది. లోతు నీటి కాలువల్లో, గట్లలో పేరుకున్న ఇసుకలవి. గ్యాస్ నిండిన ఇసుక సైస్మిక్ చిత్రంలో స్పష్టంగా మెరిసింది. డి1, డి3 క్షేత్రాల నుంచి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయాలని ప్రణాళిక వేశారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదే గరిష్ఠానికి చేరింది. ఆ గరిష్ఠం కూడా ప్రణాళికకు తక్కువే. ఆ తర్వాత వేగంగా పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలు మూతపడ్డాయి.

భూగర్భం అనుకున్నదానికంటే చిక్కుగా ఉందని సంస్థ చెప్పింది. వేయాల్సినన్ని బావులు వేయలేదని ప్రభుత్వం వాదించింది. ఆ వివాదం ఎలా ఉన్నా, భూవిజ్ఞాన కోణంలో ఒక విషయం గమనించాలి. చిత్రంలో ఒకే ఇసుక మేటగా కనిపించేది నిజానికి అనేక కాలువల ముక్కలు కావచ్చు. వాటి మధ్య ఒకటి రెండు మీటర్ల బంకమట్టి పొర ఉన్నా గ్యాస్ ఒక ముక్క నుంచి మరో ముక్కకు పారదు. 10 మీటర్లకంటే పలచని ఆ పొర చిత్రంలో కనిపించదు. పైగా కొద్దిపాటి గ్యాస్ ఉన్నా ప్రతిధ్వని దాదాపు అంతే బలంగా మెరుస్తుంది. ఎంత గ్యాస్ ఉందో మెరుపు చెప్పదు. అది తెలియాలంటే బావి తవ్వాలి, మట్టి నమూనా తీయాలి, ఒత్తిడి కొలవాలి.

అలాగే మట్టి పుట్టుకను కూడా శబ్దం చెప్పలేదు. ఇసుక ఆకారం చూపగలదే తప్ప అందులోని రేణువులు కడప రాళ్లవో, హిమాలయాలవో, దక్కన్ నల్లరాతివో చెప్పాలంటే నమూనాలోని ఖనిజాలు చూడాల్సిందే. చిత్రం, నమూనా రెండూ కలిస్తేనే చదువు పూర్తవుతుంది.

ఒడ్డున ఉన్నవాళ్లకు దీంతో ఏం పని?

ఇదంతా గ్యాస్ కంపెనీల వ్యవహారం అనుకోవడం పొరపాటు. 1998 జూలైలో పాపువా న్యూ గినీ తీరంలో వచ్చిన సునామీ 2 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడి భూకంపం అంత పెద్దది కాదు. సముద్రపు వాలు మీద మట్టి జారడమే అలను అంత పెంచిందని తర్వాత జరిగిన సముద్రగర్భ పరిశోధనలు తేల్చాయి. 2004 డిసెంబరు 26న నెల్లూరు తీరాన్ని తాకిన సునామీకి కారణం సుమత్రా దగ్గరి భూకంపం. దాని తర్వాత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇంకాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది, 2007 నుంచి పనిచేస్తోంది. భూకంపాలను నిమిషాల్లో పసిగట్టగలుగుతున్నాం. భూకంపం లేకుండా జారే వాలును ముందుగా గుర్తించాలంటే గతంలో అది ఎక్కడెక్కడ, ఎంత పెద్దగా జారిందో తెలియాలి. ఆ లెక్క ఉన్నది గజిబిజి గీతల్లోనే.

కేబుళ్ల సంగతీ అంతే. నెల్లూరుకు దక్షిణాన చెన్నై దగ్గర సింగపూర్ వైపు వెళ్లే కేబుళ్లు, 2020 ఆగస్టులో ప్రారంభమైన అండమాన్ కేబుల్ ఒడ్డుకు చేరతాయి. లోయలు, పాత జారుడు చోట్లు ఎక్కడున్నాయో తెలిస్తే దారి మళ్లించి వేయవచ్చు.

సర్వే వల్ల కలిగే ఇబ్బంది కూడా చెప్పుకోవాలి. ఎయిర్ గన్ చప్పుడు డాల్ఫిన్‌లను, తిమింగలాలను, చేపలను బెదరగొడుతుంది. అందుకే చాలా దేశాల్లో చప్పుడును చిన్నగా మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు, జంతువులు దగ్గరికి వస్తే ఆపేస్తారు. కిలోమీటర్ల పొడవు తీగలు లాగే ఓడకు వేట బోట్లు దూరంగా ఉండాలి. సర్వే ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో మత్స్యకారుల ఊళ్లకు ముందే తెలియజేయడం, వేట పోయిన రోజులకు పరిహారం ఇవ్వడం సర్వే చేసేవారి బాధ్యత.

చదివేవాళ్లు కావాలి

మొదటి ప్రశ్నకు జవాబు ఇది. ఈనాటి పెన్న వరద మట్టి చాలా మేరకు అరుగు మీద, తీరం వెంట ఆగుతోంది. సముద్రమట్టం దిగిన కాలాల్లో తెచ్చిన మట్టి వాలు దిగి లోతు నీటిలో పేరుకుంది. ఏ కాలంలో ఎంత వాన కురిసిందో, ఏ వాలు ఎప్పుడు జారిందో, నది తన దారి ఎప్పుడు మార్చుకుందో ఆ పొరల్లో ఉంది.

దాన్ని చదవడానికి కావలసిన సమాచారం కొంత ఇప్పటికే మన దేశంలో ఉంది. దశాబ్దాలుగా చేసిన సర్వేల సమాచారాన్ని ఒకచోట చేర్చి హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ 2017లో జాతీయ సమాచార భాండాగారాన్ని ప్రారంభించింది. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. విశాఖలో లఫాండ్ కాలం నుంచి వస్తున్న సముద్ర పరిశోధన సంప్రదాయం ఉంది. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. గ్యాస్ ఉన్న బ్లాకుల చుట్టూ జరిగినంత చదువు పెన్న మొగ ఎదుటి సముద్రం మీద జరగలేదు. తుఫానులు, సునామీ, కోత, పూడిక అన్నిటినీ భరించే తీరం ఇది. గ్యాస్ దొరకవచ్చని కాకుండా, ఈ తీరంలో మనుషులు బతుకుతున్నారని అయినా దీని అడుగును పూర్తిగా తెలుసుకోవాలి. ఆ సమాచారంలో విద్యార్థులకు ఇవ్వగలిగినంత ఖర్చు లేకుండా ఇవ్వడం ప్రభుత్వం పని. తీసుకుని చదవడం మన పిల్లల పని. భూగోళమూ భౌతికశాస్త్రమూ రెండూ ఇష్టపడే విద్యార్థి మీ ఇంట్లో ఉంటే, ఇలాంటి చదువు ఒకటి ఉందని తప్పక చెప్పండి.